హై వోల్టేజీకి టీవీ, ఫ్రిజ్ కాలకుండా: మెయిన్ బోర్డు నుంచి ఎర్త్ గుంత దాకా చేయాల్సిన పనులు

వీధిలో పది ఇళ్లలో ఒకేసారి టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, ఎల్‌ఈడీ బల్బులు పోతే అందరూ అనేది ఒకటే మాట: "హై వోల్టేజీ వచ్చింది." నిజానికి ఆ మాట కింద రెండు వేర్వేరు రోగాలున్నాయి. ఒకటి పిడుగు వల్లో, పెద్ద లైన్ల స్విచింగ్ వల్లో పుట్టే సర్జ్. అది వేల వోల్టులకు లేస్తుంది కానీ కొన్ని పదుల మైక్రోసెకన్లలో ముగిసిపోతుంది. రెండోది న్యూట్రల్ తెగినప్పుడు వచ్చేది. అది 300 నుంచి 400 వోల్టుల దాకా లేచి, లైన్‌మన్ వచ్చి సరిచేసే దాకా నిమిషాలు, గంటలు అలాగే ఉంటుంది.

ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. సర్జ్ ప్రొటెక్టర్ మొదటిదానికి పనికొస్తుంది. రెండోది వస్తే ముందు అదే కాలిపోతుంది. మన ఊళ్లలో సామాను ఎక్కువగా కాలేది రెండోదానివల్లే అయినా, షాపులో అడిగేదీ కొనేదీ మొదటిదాని మందు. మంచి ప్రొటెక్టర్ పెట్టించుకున్న ఇంట్లోనూ ఫ్రిజ్ బోర్డు పోవడానికి ముఖ్య కారణం ఇదే.

న్యూట్రల్ తెగితే 395 వోల్టులు ఎలా వస్తాయి

వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ బయల్దేరుతాయి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య సుమారు 400 నుంచి 415 వోల్టులు ఉంటాయి. మీ ఇంటికి ఒక ఫేజు, పక్కింటికి ఇంకో ఫేజు, ఇద్దరికీ ఒకే న్యూట్రల్. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో ఆ న్యూట్రల్ తెగిందనుకోండి. రెండిళ్లూ 415 వోల్టుల మధ్య ఒకదాని వెనక ఒకటి వరుసగా కట్టినట్టవుతుంది. పక్కింట్లో 2000 వాట్ల గీజరు ఆన్‌లో ఉంది, దాని రెసిస్టెన్స్ 26 ఓములు. మీ ఇంట్లో టీవీ, రెండు లైట్లు కలిపి 100 వాట్లు, అంటే 529 ఓములు. వోల్టేజీ రెసిస్టెన్స్ ఎక్కువున్న వైపే ఎక్కువగా పడుతుంది కాబట్టి మీ ఇంటికి 395 వోల్టులు, గీజరున్న ఇంటికి 20 వోల్టులు వస్తాయి. తక్కువ కరెంటు వాడుకుంటున్న ఇల్లే ముందు నష్టపోతుందన్నమాట.

దీని ఆనవాళ్లు చూడగానే తెలిసిపోతాయి. లైట్లు ఒక్కసారిగా తెల్లగా మండుతాయి, ఫ్యాను వేగం పెరుగుతుంది, స్టెబిలైజరు లోపల రిలేలు టకటకమంటాయి. అదే సమయంలో ఎదురింట్లో లైట్లు మసకబారతాయి. అప్పుడు ఒక్కొక్క స్విచ్చూ ఆపుతూ కూర్చోకండి, నేరుగా మెయిన్ దించేయండి. తర్వాత 1912కి ఫోన్ చేసి "హై వోల్టేజీ" అని ఊరుకోకుండా "న్యూట్రల్ పోయినట్టుంది, ఒక ఇంట్లో ఎక్కువ, ఒక ఇంట్లో తక్కువ వస్తోంది" అని చెప్పి స్తంభం నంబరు కూడా ఇవ్వండి. ఆ ఒక్క వాక్యంతో లైన్‌మన్‌కి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. వీధిలో మిగతావాళ్ల చేత కూడా మెయిన్‌లు దింపించండి.

ముందు మూడు కొలతలు

ఏదైనా కొనేముందు ఇంటి పరిస్థితి తెలియాలి. 600 వోల్టుల క్యాట్-3 రేటింగు (ఇంటి బోర్డు దగ్గర కూడా కొలవడానికి తగిన భద్రతా స్థాయి) ఉన్న మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, మూడు పిన్నుల సాకెట్‌లో కొలవండి. ఫేజు–న్యూట్రల్ మధ్య 207 నుంచి 253 లోపు ఉండాలి. ఫేజు–ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్–ఎర్త్ మధ్య 2, 3 వోల్టులు ఉంటే మంచిదే. లోడు పెంచుతున్నకొద్దీ అది 5, 10, 15 అని పెరుగుతుంటే న్యూట్రల్ దారిలో ఎక్కడో జాయింటు వదులైందని అర్థం. గీజరు గానీ ఇస్త్రీపెట్టె గానీ ఆన్ చేసి మళ్లీ కొలిస్తే తేడా బయటపడుతుంది. న్యూట్రల్ పూర్తిగా తెగకముందు అది ఇచ్చే హెచ్చరిక ఇదే, చాలామంది పట్టించుకోరు.

ఇక్కడ ఒక మోసం ఉంది. ఫేజు–ఎర్త్ మధ్య మీటరు 230 చూపించినంత మాత్రాన ఎర్త్ బాగుందనుకోకండి. మీటరు తీసుకునే కరెంటు నామమాత్రం, కాబట్టి తుప్పు పట్టి ఒక్క పోగు మిగిలిన తీగ కూడా దానికి 230 చూపిస్తుంది. ఎర్త్ నాణ్యత తెలియాలంటే ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ టెస్టర్‌తో కొలిపించాలి. గుంత నుంచి 30 మీటర్ల దూరంలో కరెంటు మేకు, 18.5 మీటర్ల దగ్గర వోల్టేజీ మేకు దిగ్గొట్టి కొలుస్తారు. 5 ఓముల లోపు వస్తే ఇంటికి బాగున్నట్టు.

ఇంకో పరీక్ష తప్పకుండా చేయించండి. మెయిన్‌లో ఫేజు, న్యూట్రల్ రెండూ కట్ చేసి, ప్లగ్గులన్నీ పీకేసి, సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కంటిన్యూటీ చూడాలి. మీటరు బీప్ అంటే ఎవరో ఎర్త్ గుంత ఖర్చు మిగుల్చుకోవడానికి సాకెట్‌లో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ఒక ముక్క వైరుతో కలిపారన్నమాట. ఇది ప్రాణాంతకం. న్యూట్రల్ తెగిన క్షణాన వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, గీజర్ల బాడీలన్నిటికీ కరెంటు వస్తుంది. ఆ ముక్క తీసేయకుండా మిగతా పనులేవీ మొదలుపెట్టకండి.

ఎర్త్ గుంత

సర్జ్ ప్రొటెక్టర్ చేసేది సర్జ్‌ని మింగేయడం కాదు, దారి మళ్లించడం. మళ్లించిన కరెంటు పోవడానికి నేల కావాలి. ఎర్త్ లేని ఇంట్లో ఎంత ఖరీదైన ప్రొటెక్టర్ పెట్టినా సగం పని మానేసినట్టే.

గుంత గోడకు కనీసం 1.5 మీటర్ల దూరంలో, తేమ నిలిచే చోట తీయించండి. బాత్రూమ్ నీళ్లు పారే పెరటి మూల మంచి చోటు. ఐఎస్ 3043 ప్రకారం పైపు ఎర్తింగ్‌కి జీఐ పైపు లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, పొడవు 2.5 మీటర్లకు తగ్గకూడదు. షాపులో 40 మిల్లీమీటర్ల పైపు అడగండి. పాతకాలపు ఉప్పు, బొగ్గు పొరలు రెసిస్టెన్స్ తగ్గిస్తాయి, కానీ అదే ఉప్పు కొన్నేళ్లలో పైపును తినేస్తుంది. బెంటొనైట్ లాంటి బ్యాక్‌ఫిల్ పౌడరు వేసి, రాగి పూత పూసిన 3 మీటర్ల రాడ్డు దింపడం ఇప్పుడు మేలైన పద్ధతి. రాతి నేల తగిలే తెలంగాణ ఊళ్లలో అంత లోతు చేత్తో తవ్వడం కష్టం. అక్కడ చిన్న బోరు వేయించి రాడ్డు దింపి పౌడరు నింపాలి. ఒక్క రాడ్డుతో 5 ఓములకు రాకపోతే దానికి 6 మీటర్ల దూరంలో రెండోది వేసి రెండింటినీ కలపండి. పక్కపక్కనే వేస్తే రెండో రాడ్డు వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు.

గుంత నుంచి బోర్డుకు 8 నంబరు రాగి తీగ లాగండి. పైపు దగ్గర మెలేసి చుట్టడం కాదు, లగ్గు క్రింప్ చేసి నట్టు బోల్టుతో బిగించాలి. మార్చి నుంచి జూన్ దాకా వారానికి రెండు బకెట్లు నీళ్లు పోయండి.

కొందరు కంప్యూటర్‌కో టీవీకో విడిగా "క్లీన్ ఎర్త్" అని రెండో గుంత తీయించి దాన్ని మొదటిదానితో కలపరు. దగ్గర్లో పిడుగు పడితే ఆ రెండు గుంతల మధ్యే వేల వోల్టుల తేడా వస్తుంది, ఆ తేడా మీ పరికరం లోపలి నుంచి దారి చూసుకుంటుంది. గుంతలు ఎన్నైనా ఉండొచ్చు, అన్నిటినీ ఒకదానితో ఒకటి కలపాలి.

బోర్డులో వరుస

సింగిల్ ఫేజు ఇంట్లో మీటరు తర్వాత ఈ క్రమం ఉండాలి: రెండు పోల్స్ మెయిన్ ఎంసీబీ (లోడు మించినా షార్టయినా తనే పడిపోయే స్విచ్), దాని వెంటనే పక్కన సమాంతరంగా సర్జ్ ప్రొటెక్టర్, తర్వాత ఓవర్–అండర్ వోల్టేజీ ప్రొటెక్టర్, తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (నేలకు కరెంటు లీకైతే సప్లై ఆపేది), ఆపైన గదుల ఎంసీబీలు. సర్జ్ ప్రొటెక్టర్‌ని ఆర్‌సీసీబీ తర్వాత పెడితే, ఉరిమినప్పుడల్లా నేలకు పోయే కరెంటును చూసి ఆర్‌సీసీబీ పడిపోతుంటుంది. వోల్టేజీ ప్రొటెక్టర్ లోపల కూడా ఎలక్ట్రానిక్స్ ఉంటుంది, దాన్ని సర్జ్ నుంచి కాపాడడానికే అది రెండో స్థానంలో ఉంది.

ఆర్‌సీసీబీ సర్జ్‌ని ఆపదు, కానీ మానకండి. సొంత ఎర్త్ గుంత మీద నడిచే ఇళ్లలో 5 ఓముల గుంతలోంచి పారే ఫాల్ట్ కరెంటు 46 ఆంపియర్లకు మించదు. దానికి 32 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ ఒక్కటే.

సర్జ్ ప్రొటెక్టర్ ఎంపిక, బిగింపు

సర్జ్ ప్రొటెక్టర్‌ని షాపులో ఎస్‌పీడీ అని అడగండి. మామూలు ఇంటికి టైప్ 2 సరిపోతుంది. ఇంటి మీద పిడుగు కడ్డీ ఉన్నా, పొలం మధ్య ఒంటరి ఇల్లయినా టైప్ 1+2 తీసుకోండి, దాని మీద 10/350 తరంగానికి (పిడుగును పోలిన పరీక్ష కరెంటు) 12.5 కిలో ఆంపియర్లు అని ఉండాలి. టైప్ 2 లేబుల్ మీద చూడాల్సినవి ఇవి: ప్రమాణం ఐఈసీ 61643-11, 8/20 తరంగానికి నామినల్ డిశ్చార్జ్ కరెంటు 20 కిలో ఆంపియర్లు, గరిష్ఠం 40, వోల్టేజీ ప్రొటెక్షన్ స్థాయి 1.5 కిలోవోల్టులు లేదా అంతకు తక్కువ. మామూలు గృహోపకరణాలు సుమారు 2.5 కిలోవోల్టుల కుదుపును, సున్నితమైన ఎలక్ట్రానిక్స్ 1.5 కిలోవోల్టులను తట్టుకునేలా తయారవుతాయి కాబట్టి ఆ అంకె ముఖ్యం.

ఇంకో అంకె నిరంతర వోల్టేజీ, అంటే ఎస్‌పీడీ ఎంతసేపైనా తట్టుకోగలిగేది. మార్కెట్లో 275 వోల్టులవి ఎక్కువగా దొరుకుతాయి. రాత్రిపూట 255 దాటే మన లైన్లకు 320 వోల్టులది తీసుకోవడమే మంచిది. 275 వోల్టుల వేరిస్టర్ (ఎస్‌పీడీ లోపల సర్జ్‌ని మళ్లించే భాగం) ఎప్పుడూ అంచు మీదే ఉండి త్వరగా అరిగిపోతుంది. న్యూట్రల్ బెడద తరచూ ఉండే చోట 385 వోల్టులది ఇంకా గట్టిగా నిలబడుతుంది, కానీ ప్రొటెక్షన్ స్థాయి కొంచెం పెరుగుతుంది. అప్పుడు టీవీ దగ్గర రెండో అంచె పెట్టుకోవాలి. థర్మల్ డిస్‌కనెక్టర్ (వేడెక్కితే తనే విడిపోయే ఏర్పాటు), పచ్చ–ఎరుపు కిటికీ, ఊడదీసి మార్చుకునే కార్ట్‌రిడ్జ్ లేనిది ఏ ధరకైనా వద్దు. సింగిల్ ఫేజుకు 1+1 రకం, మూడు ఫేజులకు 3+1 రకం అడగండి. వీటిలో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య గ్యాస్ ట్యూబు ఉంటుంది, మన సొంత గుంతల పద్ధతికి అదే సరైనది.

ఇక బిగింపు. సరైన వస్తువు కొన్నాక కూడా పని చెడేది ఇక్కడే. పిడుగు కరెంటు ఎంత వేగంగా లేస్తుందంటే, ఒక మీటరు తిన్నని తీగ మీదే దాదాపు 1000 వోల్టులు నిలుస్తాయి. ఫేజు నుంచి ఎస్‌పీడీకి, ఎస్‌పీడీ నుంచి ఎర్త్ బార్‌కి ఉన్న తీగల మొత్తం పొడవు అర మీటరు దాటకూడదు. రెండు మీటర్ల తీగ చక్కగా చుట్టలు చుట్టి అందంగా క్లిప్పులు కొట్టిన బోర్డులో 1.5 కిలోవోల్టుల ప్రొటెక్టర్ 3.5 కిలోవోల్టుల దానిలా పనిచేస్తుంది. అంటే పెట్టనట్టే.

పని చేసే క్రమం ఇలా ఉండాలి. ఇది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని, పక్కన నిలబడి చూసుకోవడం మీ వంతు.

1. మెయిన్ దించి, మీటరు దగ్గరి కటౌట్ ఫ్యూజు పీకి జేబులో పెట్టుకోండి. సీలును ముట్టుకోవద్దు. ఫేజు, న్యూట్రల్ రెండింటి మీదా మీటరుతో సున్నా చూడండి. టెస్టర్ లైటు వెలగనంత మాత్రాన నమ్మకండి.

2. ఎస్‌పీడీని ఎర్త్ బార్‌కి దగ్గరగా, బోర్డులో ఎంసీబీలు బిగించే ఇనుప పట్టీ (రైలు) మీద ఎక్కించండి. ముందు ఎర్త్ తీగ కలపండి, కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి. ఫేజు, న్యూట్రల్ తీగలూ అదే మందం వాడితే గొడవ ఉండదు. మెలికలు లేకుండా తిన్నగా రావాలి.

3. ఎస్‌పీడీకి ముందు విడిగా ఒక సి కర్వ్ ఎంసీబీ ఉంచండి. ఎన్ని ఆంపియర్లో పెట్టెలోని కాగితం చెబుతుంది, 40 కిలో ఆంపియర్ల వాటికి సాధారణంగా 32 లేదా 40. ఎస్‌పీడీ పాడై షార్టయితే ఇల్లంతా చీకటి కాకుండా ఆ ఎంసీబీ ఒక్కటే పడుతుంది.

4. లోపలికి వచ్చే తీగలనూ, రక్షణ దాటి గదులకు పోయే తీగలనూ ఒకే కట్టగా కట్టకండి. పక్కపక్కనే పోతే సర్జ్ ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి దూకుతుంది.

5. స్క్రూలన్నీ మళ్లీ ఒకసారి బిగించి, కరెంటు ఇచ్చి, కిటికీ పచ్చగా ఉందో లేదో, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ పనిచేస్తోందో లేదో చూడండి.

బోర్డు నుంచి 10 మీటర్లకు మించిన దూరంలో టీవీ, కంప్యూటర్ ఉంటే వాటి దగ్గర టైప్ 3 రక్షణ ఉన్న సాకెట్ పెట్టాలి. స్పైక్ గార్డ్ పేరుతో అమ్మేవాటిలో చాలామటుకు ఎక్స్‌టెన్షన్ బాక్సులే. లేబుల్ మీద జౌల్స్, ప్రొటెక్షన్ వోల్టేజీ లేకపోతే లోపల ఏమీ లేనట్టే లెక్క. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చితే ఎర్త్ ఉండదు, రక్షణా ఉండదు.

న్యూట్రల్‌కి మందు: వోల్టేజీ ప్రొటెక్టర్

బడ్జెట్‌లో ఏదో ఒక్కటే కొనగలిగితే ముందు ఇదే కొనమంటాం. డిజిటల్ అంకెలతో రైలు మీద కూర్చునే చిన్న పెట్టె ఇది. వోల్టేజీ హద్దు దాటగానే ఇంటి సప్లై కట్ చేసి, మామూలుకి వచ్చాక తనే కలుపుతుంది. పై హద్దు 265, కింది హద్దు 170 పెట్టండి. మళ్లీ కలపడానికి ఆలస్యం 180 సెకన్లు పెట్టండి. ఫ్రిజ్, ఏసీ కంప్రెసర్లలో ప్రెషర్ సమం కావడానికి ఆ మూడు నిమిషాలు కావాలి. ఫ్యాక్టరీ సెట్టింగులో 30 సెకన్లే ఉండొచ్చు, మార్చకుండా వదిలేయకండి. రాత్రుళ్లు ఊరికే పడిపోతుంటే 270 దాకా పెంచవచ్చు, అంతకుమించి వద్దు.

63 ఆంపియర్లు అని రాసి ఉన్నా లోపలి రిలే ఆ లోడును రోజంతా మోస్తుందని అనుకోకండి. రెండు ఏసీలు, గీజరు ఉన్న ఇంట్లో దీన్ని నేరుగా లోడుకు కాకుండా, ఒక పెద్ద కాంటాక్టర్ (పెద్ద లోడును మోసే విద్యుదయస్కాంత స్విచ్) కాయిల్‌కి కలిపి, ఇంటి లోడు ఆ కాంటాక్టర్ మీదుగా నడపండి.

మూడు ఫేజుల కనెక్షను ఉన్న ఇంటికి ముప్పు రెండింతలు. మీ సొంత బోర్డులో న్యూట్రల్ లింకు స్క్రూ ఒక్కటి వదులైనా చాలు, వీధంతా బాగున్నా మీ ఇంట్లోనే 400 వోల్టులు పుడతాయి. అందుకని న్యూట్రల్ తెగిందా లేదా కూడా చూసే నాలుగు తీగల ప్రొటెక్టర్ కావాలి. న్యూట్రల్‌లో ఎక్కడా ఫ్యూజు గానీ, విడి సింగిల్ పోల్ స్విచ్ గానీ ఉండకూడదు. సర్వీసు వైరు అల్యూమినియం, బోర్డు తీగ రాగి అయితే రెండూ కలిసేచోట బైమెటల్ లగ్గు వాడాలి. లేకపోతే ఆ జాయింటు పుచ్చి వేడెక్కి తెగుతుంది. స్తంభం మీద సర్వీసు వైరు చుట్టి వదిలేసి ఉంటే పీజీ క్లాంపు (రెండు తీగలను బోల్టుతో గట్టిగా పట్టే బిగింపు) వేయమని లైన్‌మన్‌ని అడగండి. మీరు మాత్రం ఎక్కకండి.

స్టెబిలైజరు సంగతి కూడా చెప్పుకోవాలి. 1.5 టన్నుల ఏసీకి పెట్టే 4 కేవీఏ స్టెబిలైజరు హెచ్చుతగ్గులు సరిచేస్తుంది, మంచిదైతే హై కట్ కూడా ఉంటుంది. కానీ దాని రిలేలు కదలడానికి మిల్లీసెకన్లు పడతాయి. సర్జ్ అప్పటికే వచ్చి వెళ్లిపోతుంది. ఇన్వర్టర్ కూడా అంతే, మెయిన్స్ ఉన్నంతసేపు వచ్చిన కరెంటునే లోపలికి పంపిస్తుంది. దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉంచితే సుమారు 180–260 బయటికి పోగానే బ్యాటరీకి మారుతుంది. మామూలు మోడ్‌లో 290 దాకా ఓర్చుకుంటుంది.

పక్క దారులు

మెయిన్ బోర్డు గట్టిగా ఉన్నా సర్జ్ డిష్ కేబుల్ మీదుగా వచ్చి టీవీ హెచ్‌డీఎంఐ పోర్టును కాలుస్తుంది. డాబా మీది డిష్ బ్రాకెట్‌ను అదే ఎర్త్‌కి కలపండి, కేబుల్ లోపలికి వచ్చేచోట కోయాక్స్ అరెస్టర్ పెట్టండి. ఫైబర్ గాజుపోగు కరెంటు మోయదు కానీ, దాని పక్కన ఆసరాగా ఉండే ఉక్కు తీగ మోస్తుంది. ఆ తీగను ఇంటి బయటే కత్తిరించి ఆపమనండి.

సోలార్ ఉంటే డీసీ వైపు డీసీ ఎస్‌పీడీయే ఉండాలి. ఏసీది పెడితే అది ఆర్క్‌ను ఆపలేక అంటుకుంటుంది. బోరు మోటారు తీగ వందల అడుగులు భూమిలోకి దిగి ఉంటుంది కాబట్టి పిడుగు కరెంటుకు అది ఇష్టమైన దారి. స్టార్టర్ పెట్టెలో విడిగా ఒక ఎస్‌పీడీ పెట్టి, ఇనుప కేసింగ్‌ను ఎర్త్‌కి కలపండి.

ఉరుములు మొదలైతే

మెరుపు కనపడ్డాక ఉరుము వినపడే దాకా లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు వినపడితే పిడుగు 10 కిలోమీటర్లలోనే ఉంది. అప్పటికే ప్లగ్గులు పీకేసి ఉండాలి, నెత్తిమీద ఉరుముతుండగా పోయి తీగలు ముట్టుకోకూడదు. పుణెలోని ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ ఇందుకు బాగా ఉపయోగపడుతుంది. స్విచ్ ఆపితే చాలదు. స్విచ్ లోపలి ఎడం కొన్ని మిల్లీమీటర్లే, పైగా న్యూట్రల్ కలిసే ఉంటుంది. టీవీకి కరెంటు ప్లగ్గుతో పాటు డిష్ కేబుల్, నెట్ తీగ కూడా తీయాలి.

గాలివాన తగ్గి కరెంటు వచ్చాక పది నిమిషాలు లైటు ఒక్కటే వేసి చూడండి. ప్రొటెక్టర్ మీద అంకె నిలకడగా ఉంటేనే ఏసీ, ఫ్రిజ్ కలపండి. ఎస్‌పీడీ కిటికీ ఎర్రబడితే ఆ కార్ట్‌రిడ్జ్ పని అయిపోయింది. ఇంట్లో కరెంటు మామూలుగానే ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఎవరూ గమనించరు, తర్వాతి పిడుగుకు మాత్రం అడ్డు ఉండదు. ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి కిటికీ చూడండి, మెయిన్ దించి న్యూట్రల్ బార్ స్క్రూలు బిగించండి, గీజరు ఆన్ చేసి న్యూట్రల్–ఎర్త్ వోల్టేజీ కొలిచి బోర్డు మూత లోపల తేదీతో రాసి పెట్టండి. పోయినసారి 2 ఉన్న చోట ఈసారి 7 కనిపిస్తే, అదే రోజు లైన్‌మన్‌కి ఫోన్ చేయండి.